బీసెంట్ రోడ్డు డైనోసార్ డబ్బా: పన్నెండు బొమ్మలు, రెండు వందల ఏళ్ల పొరపాట్లు

బెజవాడ బీసెంట్ రోడ్డులోనూ, గుంటూరు బ్రాడీపేట బొమ్మల కొట్లలోనూ కనిపించే డబ్బా ఇది. ఆకుపచ్చ అట్టపెట్టె, ముందు ప్లాస్టిక్ కిటికీ, లోపల 12 బొమ్మలు, వాటి కింద పరవడానికి రెండడుగుల మ్యాటు, నాలుగు పేజీల రంగుల పుస్తకం. రేటు 480 అని చెబుతారు, నిలబడి అడిగితే 420కి ఇస్తారు. బొమ్మ ఒక్కోటి పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల పొడవు ఉంటుంది.

బొమ్మలుగా చూస్తే వీటికి వంక పెట్టక్కర్లేదు. డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తుంది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలన్నిటికీ ఇది తప్పనిసరి కాబట్టి, గుర్తు లేని డబ్బా చూపిస్తే తీసుకోకండి. మెత్తటి పీవీసీతో చేశారు, గోరుతో నొక్కితే కాస్త లోపలికి పోయి మళ్లీ లేస్తుంది. గట్టి ప్లాస్టిక్ బొమ్మల్లా కింద పడితే తోక విరగదు. అచ్చు అతుకులు పొట్ట కింద మాత్రమే కనిపిస్తాయి. కళ్ల రంగు మూడు బొమ్మల్లో పక్కకి జరిగింది, అంతే. డబ్బా తెరవగానే వాసన వస్తుంది. ఒక పూట గాలికి పెడితే పోతుంది.

ఇబ్బంది ఆకారాల్లో ఉంది. ఈ తప్పులేవీ తయారీదారు కొత్తగా చేసినవి కావు. ప్రతి తప్పుకీ ఒక పుట్టిన సంవత్సరం, ఒక పుట్టిన ఊరు ఉన్నాయి. ఎవరో ఒక పండితుడు తన చేతిలో ఉన్న పిడికెడు ఎముకలు చూసి వేసిన అంచనా బొమ్మై, బొమ్మను చూసి ఇంకో బొమ్మై, చివరికి మన డబ్బాలోకి వచ్చింది. ఆ అంచనాలు వేసినవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. వాళ్లకి దొరికింది అంతే. కానీ ఎముకలు దొరికి, తప్పు దిద్దుకుని వందేళ్లు దాటాక కూడా పిల్లల చేతికి పాత అంచనానే అందించడం మాత్రం అన్యాయం. అందుకే ఇక్కడ ఒక్కో బొమ్మనీ విడిగా చూసి, ఏది అలాగే ఉంచుకోవచ్చో, ఏది ఇంట్లో దిద్దుకోవచ్చో, ఏది పక్కన పెట్టాలో చెబుతున్నాం.

ముందు డబ్బా మీది స్టిక్కరు. "రాక్షసబల్లులు" అని పెద్దక్షరాల్లో ఉంది. మన పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే మాట. 1842లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ "డైనోసారియా" అని పేరు పెట్టాడు. గ్రీకులో దానర్థం భయంకరమైన బల్లి. మనవాళ్లు దాన్ని నమ్మకంగా తెలుగు చేశారు. కానీ ఇవి బల్లులు కావు. ఆ పేరు పెట్టిన ఓవెనే వీటి కాళ్లు బల్లి కాళ్లలా పక్కలకి చాచి ఉండవని, ఒంటి కింద స్తంభాల్లా నిలుస్తాయని రాశాడు. గోడ మీది బల్లిని, పొలంగట్టు మీది తొండని, ఉడుముని చూడండి. మోకాళ్లు, మోచేతులు పక్కలకి పొడుచుకొస్తాయి, పొట్ట నేలకి ఆనుతూ ఉంటుంది. కోడిని చూడండి. కాళ్లు తిన్నగా ఒంటి కిందే ఉంటాయి. డైనోసార్ కోడి వైపు జీవి. ఏ బొమ్మ కొన్నా మొదట చేయాల్సిన పరీక్ష ఇదే: బల్ల మీద పెట్టి ఎదురుగా కళ్లెత్తులో చూడండి. వెనక కాళ్లు పక్కలకి జరిగి ఉడుములా ఉంటే ఆ అచ్చు తీసినవాడికి డైనోసార్ తెలియదు. ఈ డబ్బాలో వెనక కాళ్లు అన్నిటికీ సరిగానే ఉన్నాయి, ట్రైసెరాటాప్స్‌కీ ఆంకైలోసారస్‌కీ మాత్రం మోచేతులు కాస్త ఎక్కువ బయటికి వచ్చాయి.

ఇక ఇగ్వానోడాన్. డబ్బాలో మిగతా అన్నిటికంటే దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బొమ్మలో ఒక కాలపు తప్పు, పుస్తకంలోని చిత్రంలో అంతకంటే పాత కాలపు తప్పు పక్కపక్కనే ఉన్నాయి. పుస్తకంలో అది ఖడ్గమృగంలా నాలుగు కాళ్ల మీద, ముక్కు మీద కొమ్ముతో ఉంది. బొమ్మ మాత్రం కంగారూలా తోక మీద కూర్చుని, రెండు బొటనవేళ్లకీ ముళ్లతో ఉంది. ఒకే జంతువుకి రెండు ఒళ్లు ఎలా వచ్చాయని పిల్లలు అడిగితే చెప్పడానికి జవాబుంది.

గిడియన్ మాంటెల్ అనే వైద్యుడు ఇంగ్లండులోని ససెక్స్‌లో దొరికిన పళ్లను బట్టి 1825లో దీనికి పేరు పెట్టాడు. పళ్లు ఇగ్వానా అనే తొండజాతి జీవి పళ్లలా ఉన్నాయి, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దవి. అందుకని ఇగ్వానాని అదే లెక్కన పెంచి చూశాడు, పొడవు 18 మీటర్లు దాటిపోయింది. నిజానికి ఆ జంతువు సుమారు 10 మీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సుకి కాస్త తక్కువ. శంకువు లాంటి ఎముక కూడా ఒకటి దొరికింది. కొన్ని ఇగ్వానాలకి ముక్కు మీద చిన్న కొమ్ములుంటాయి కాబట్టి, దీన్నీ ముక్కు మీద పెట్టాడు. ఉన్న ఆధారంతో అది వేయదగ్గ అంచనాయే.

ఆ అంచనాకి సిమెంటు పోసినవాడు బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్. 1854లో లండన్ పక్కన సిడెన్‌హామ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ తోట కోసం, ఓవెన్ సలహాతో నిలువెత్తు విగ్రహాలు కట్టాడు. కట్టాడు అనే మాట ఊరికే వాడలేదు. ఒక్క ఇగ్వానోడాన్‌కే 600 ఇటుకలు, 38 పీపాల సిమెంటు, 90 పీపాల రాతి ముక్కలు పట్టాయని ఆయనే లెక్క చెప్పాడు. నాలుగు కాళ్లలోనూ ఇనుప స్తంభాలున్నాయి. మన దగ్గర చిన్న వాటా ఇల్లు కట్టే సామాను అది. 1853 డిసెంబరు 31 రాత్రి ఆ ఇగ్వానోడాన్ అచ్చు లోపల బల్ల వేసి 21 మందికి విందు కూడా ఇచ్చారు. ఇటుకలూ సిమెంటుతో కట్టినదాన్ని కొత్త ఎముక దొరికిందని కూల్చి మళ్లీ కట్టరు కదా. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మాంటెల్ తన చివరి రోజుల్లో ముందు కాళ్లు సన్నగా ఉన్నాయని, ఇది ఏనుగులాంటి బండ జంతువు కాదని గ్రహించాడు. కానీ 1852లోనే చనిపోయాడు. ఆయన దిద్దుబాటు విగ్రహంలోకి ఎక్కలేదు.

1878లో బెల్జియంలోని బెర్నిస్సార్ బొగ్గు గనిలో, 322 మీటర్ల లోతున, ముప్పైకి పైగా ఇగ్వానోడాన్లు చాలావరకు చెదరకుండా దొరికాయి. ఆ శంకువు ముక్కు మీదిది కాదు, చేతి బొటనవేలు. లూయీ డోలో వాటిని నిలబెట్టించాడు, మొదటిది 1882లో. కంగారూనీ, ఈము లాంటి పక్షులనీ నమూనాగా పెట్టుకుని నిటారుగా, తోక నేలకి ఆనించి నిలబెట్టారు. ఇక్కడ రెండో తప్పు పుట్టింది. ఇగ్వానోడాన్ తోకకి, వెన్నుకి ఇరుపక్కలా ఎముకలా గట్టిపడ్డ స్నాయువులు (కండని ఎముకకి కట్టే తాళ్లలాంటివి) జాలీలా అల్లుకుని ఉంటాయి. ఆ తోక వంగదు. కంగారూలా కూర్చోబెట్టాలంటే తోకని విరిచి వంచాలి, అలాగే చేశారు. 1980లో డేవిడ్ నార్మన్ ఆ ఎముకలను మళ్లీ పరిశీలించి, వెన్ను నేలకి సమాంతరంగా, తోక వెనక్కి కడ్డీలా చాచి ఉండేదని, ముందు కాళ్లు కూడా నడకకి వాడేదని చూపించాడు. బొమ్మలో 1882 ఉంది, పుస్తకంలో 1854 ఉంది, 1980 మాత్రం డబ్బాలో ఎక్కడా లేదు.

దీన్ని దిద్దడం తేలికే, ఎందుకంటే బొటనవేలి ముల్లు సరైన చోటే ఉంది. వంచాల్సింది తొడలు, తోక. పద్ధతి టైరనోసారస్‌కీ ఒకటే కాబట్టి అక్కడ చెబుతాం.

టైరనోసారస్ బొమ్మ నిటారుగా, తోక నేల మీద ఈడుస్తూ, మూడు వేళ్ల చేతులు ముందుకి వేలాడేసుకుని ఉంది. 1915లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో నిలబెట్టిన అస్థిపంజరం ఆకారం ఇది. జంతువుకి 1905లో హెన్రీ ఆస్‌బర్న్ పేరు పెట్టేనాటికి ముంజేతులు దొరకలేదు. అందుకని అల్లోసారస్‌ని చూసి మూడు వేళ్లు చేసి అతికించారు. దగ్గరి చుట్టమైన గోర్గోసారస్‌కి రెండే వేళ్లని 1914లోనే తెలిసింది. 1988లో మోంటానాలో దొరికిన అస్థిపంజరంతో టైరనోసారస్ చెయ్యి పూర్తిగా కళ్ల పడింది, రెండే వేళ్లు. ఆ మ్యూజియం వాళ్లు కూడా 1990ల్లో పాత అస్థిపంజరాన్ని ఊడదీసి, వెన్ను అడ్డంగా, తోక గాల్లో ఉండేలా మళ్లీ అమర్చారు. తోక ఈడ్చేదనుకోవడానికి అడుగుజాడల్లోనూ సాక్ష్యం లేదు. డైనోసార్ల అడుగుజాడలు వేల సంఖ్యలో దొరికాయి, తోక గీత పడినవి బహు అరుదు.

మరి బొమ్మలవాళ్లు ఇంకా తోక ఎందుకు ఈడిపిస్తున్నారు? రెండు కాళ్ల మీద బొమ్మ నిలవదు, మూడో కాలు కావాలి. తోకని మూడో కాలు చేశారు. అసలు జంతువులో తోక బరువైనది, మొదట్లో తొడంత లావు. తోక ఎముకల నుంచి తొడ ఎముకకి పెద్ద కండ ఉంటుంది, అడుగు వెనక్కి లాగేది అదే. తలకి తోక సరితూకం, కావడిలాగా. బొమ్మలో తోక బోలు, తల నిండు. అందుకే దిద్దాక ముందుకి బోర్లా పడుతుంది. దానికీ మందుంది.

నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి రెండు నిమిషాలు ఆగండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే రంగు ఉబ్బుతుంది. బొమ్మని తలకిందులు కాకుండా పట్టకారుతో పట్టుకుని నడుము దాకా ముంచి ఒక నిమిషం ఉంచండి. బయటికి తీసి, గుడ్డతో పాదాలు పట్టుకుని, వీపు బల్లకి సమాంతరంగా వచ్చేదాకా ఒంటిని ముందుకి వాల్చండి. అలాగే పట్టుకుని చన్నీళ్లలో నిమిషం పాటు ఉంచాలి. ఐసు ముక్కలు వేసిన నీళ్లయితే మంచిది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పైన చల్లబడి లోపల వేడిగా ఉండగానే వదిలేస్తే, పీవీసీకి పుట్టినప్పటి ఆకారం గుర్తుండి, గంటలో మళ్లీ నిటారుగా లేస్తుంది. తర్వాత తోకని విడిగా ముంచి తిన్నగా చేయండి. ఆఖర్న చేతులు: ఒక్కో చెయ్యి ఇరవై సెకన్లు చాలు. అరచేతులు నేల వైపు చూస్తున్నాయి కదా, వాటిని ఒకదానికొకటి ఎదురుగా, దణ్ణం పెట్టబోతున్నట్టు తిప్పండి. ఈ జాతి జంతువుల ముంజేయి ఎముకలు మనలా ఒకదాని మీద ఒకటి తిరగవు. అరచెయ్యి కిందికి తిప్పడం వాటి చేత కాదు. మూడో వేలిని గోళ్లు తీసే కట్టర్‌తో మొదలంటా కత్తిరించి, 400 నంబరు ఎమ్రీ కాగితంతో రుద్దితే చాలు.

బరువుకి సైకిల్ షాపులో పావు అంగుళం బేరింగు గుండ్లు అడగండి, ఒక్కోటి దాదాపు గ్రాము ఉంటుంది. తోక కింద, చివరికి దగ్గరగా 7 మిల్లీమీటర్ల బెజ్జం చేసి ఎనిమిదో పదో గుండ్లు లోపలికి తోసి, ఎమ్-సీల్ రెండు రంగులూ సమంగా పిసికి బెజ్జం మూసేయండి. గుండ్లు తోక మొదట్లోకి జారిపోతే సరితూకం దొరకదు. అందుకే ముందు కాస్త ముద్ద లోపల పెట్టి, దాని మీద గుండ్లు కూర్చోబెట్టాలి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఈ పని చేయొద్దు, పాదాలని చిన్న ప్లైవుడ్ చెక్కకి అతికించేస్తే సరిపోతుంది. ఇంకొకటి: రోహిణి కార్తెలో ఎండలో నిలబెట్టిన కారు అద్దం దగ్గర ఈ బొమ్మని వదిలేస్తే దిద్దినదంతా పోతుంది.

బ్రాంటోసారస్ బొమ్మకి కురచ మొద్దు తల, ఏనుగు కాలిగోళ్లు, నేల మీద తోక. మ్యాటు మీద దాన్ని నిలబెట్టడానికి గుర్తు వేసిన చోటు చెరువు నడుమ. మూడు పాత కథలు ఇందులో కలిశాయి.

తల సంగతి: ఆత్నియెల్ మార్ష్ 1877లో అపాటోసారస్‌కి, 1879లో బ్రాంటోసారస్‌కి పేర్లు పెట్టాడు. తల దొరక్కపోతే వేరే చోట దొరికిన వేరే జంతువు తల చూసి గీశాడు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో విలియం హాలండ్‌కి 1915 నాటికే అనుమానం వచ్చింది, అపాటోసారస్‌కి డిప్లోడోకస్ లాంటి సన్నని పొడవాటి తల ఉండాలని. ఎవరూ ఒప్పుకోలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ అస్థిపంజరం మొండెంగానే నిలిచింది, ఆయన పోయాక కామరసారస్ అనే వేరే డైనోసార్ తల తెచ్చి పెట్టారు. 1975లో మెకింటాష్, బెర్మన్ ఆయన మాటే నిజమని తేల్చారు. 1979లో తల మార్చారు. అపాటోసారస్, బ్రాంటోసారస్ రెండూ ఒకే జంతువని 1903లో ఎల్మర్ రిగ్స్ చెప్పాక బ్రాంటోసారస్ అనే పేరే శాస్త్రంలో లేకుండా పోయింది. 2015లో ఎముకలన్నీ కొలిచి చూసిన పరిశోధన మళ్లీ ఆ పేరు నిలబెట్టింది. కాబట్టి డబ్బా మీది పేరు తప్పు కాదు, తలే తప్పు.

చెరువు సంగతి: ఇంత బరువు నేల మీద మోయలేదని, నీళ్లలో తేలుతూ బతికేదని పాత చిత్రకారులు గీశారు. 1897లో చార్లెస్ నైట్ వేసిన చిత్రంలోనూ అది బురద మడుగులోనే ఉంటుంది. 1951లో కెన్నెత్ కెర్మాక్ వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది: తల నీటి పైన, ఛాతీ కింద ఉంటే ఊపిరి ఎలా పీల్చేది? ఆరు మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 600 గ్రాముల నీటి బరువు పడుతుంది. ఛాతీ వైశాల్యం అంతటా అది టన్నుల్లోకి పోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మెడలోతు నీళ్లలో నిలబడ్డా ఊపిరికి కాస్త బరువనిపిస్తుంది కదా, దాన్ని ఎన్నో రెట్లు చేసుకోండి. పైగా వెన్నెముకల్లో గాలి గదులుండేవి, ఆ జంతువు అంత లోతున మునిగి నిలవడమే కష్టం. దొరికిన అడుగుజాడలు కాళ్లు ఒంటి కిందే, గట్టి నేల మీద నడిచినవే.

మూడోది పాదాలు. బొమ్మకి నాలుగు కాళ్లకీ అయిదేసి గోళ్లు వేశారు. అసలుదానికి ముందు పాదానికి లోపలి వేలికి ఒక్కటే గోరు, వెనక పాదానికి మూడు. మిగతావి ఎమ్రీతో తుడిచేయండి. తలకి ఎమ్-సీల్‌తో మూతి సెంటీమీటరు పొడిగించి, చివర చదునుగా వెడల్పు చేసి, పళ్లు ముందు భాగంలోనే గీయాలి.

స్టెగోసారస్ పాపం ఎక్కువ మార్పులు చూసింది. 1877లో మార్ష్ ఆ పలకలు ఇంటి కప్పు పెంకుల్లా వీపు మీద పడుకుని ఉండేవనుకున్నాడు, పేరుకి అర్థమే కప్పు బల్లి. 1891లో ఆయనే ఒకే వరుసలో నిలబెట్టి గీశాడు, తోకకి ఎనిమిది ముళ్లు పెట్టాడు. తర్వాత ఒకరు జంటలుగా పెట్టారు. 1914లో చార్లెస్ గిల్మోర్ ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చేలా రెండు వరుసలు అని తేల్చాడు, ఇప్పటికీ నిలిచింది అదే. బొమ్మలో పలకలు జంటలుగా ఉన్నాయి, అదీ ఎనిమిదే. ఉండాల్సినవి పదిహేడు దాకా. అచ్చులోనే పోసిన పలకలు కాబట్టి దిద్దడం కష్టం, వదిలేయండి. తోక ముళ్లు నాలుగూ ఆకాశం వైపు ఉన్నాయి, వేడి నీళ్లలో ముంచి పక్కలకి వంచితే సరి. పుస్తకంలో "దీనికి నడుములో రెండో మెదడు ఉండేది" అని రాశారు. అది కూడా మార్ష్ కాలపు మాటే. నడుము ఎముకలో నరాల మార్గం వెడల్పుగా ఉంది, నిజమే. నాటుకోడి నడుములోనూ అంతే, అక్కడ ఉండేది మెదడు కాదు, గ్లైకోజెన్ నిల్వ ఉండే కణజాలం. ఆ వాక్యం మీద కాగితం ముక్క అతికించండి.

వెలోసిరాప్టర్ బొమ్మ టైరనోసారస్ అంత ఎత్తు, నున్నటి చర్మంతో ఉంది. అసలుది టర్కీ కోడి అంత, తోకతో కలిపి రెండు మీటర్ల లోపు, సుమారు 15 కిలోలు. మంగోలియాలో దొరికిన ముంజేయి ఎముక మీద ఈకలు నాటుకునే బుడిపెలు ఆరు వరుసగా ఉన్నాయని 2007లో చూపించారు. దీనికి ఈకలు వేయడం పిల్లలతో కలిసి చేయదగ్గ మంచి పని. టిష్యూ కాగితాన్ని బియ్యపు గింజ పొడవు ముక్కలుగా చింపి, ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి అతికించాలి. తోక నుంచి మొదలుపెట్టి తల వైపు రావాలి, తాటాకు ఇల్లు కప్పేటప్పుడు చూరు నుంచి పైకి పోయినట్టు. తల నుంచి మొదలుపెడితే అంచులు ఎదురు తిరిగి లేస్తాయి. ముంజేతులకీ తోక చివరకీ మాత్రం పొడవు ముక్కలు. ఆరాక రంగు. ఏ రంగు వేయాలన్నది మీ ఇష్టం. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్‌కి మాత్రం ఇటుక రంగు, తెలుపు చారల తోక ఉండేదని ఈకల్లోని రంగు కణాలను బట్టి 2010లో చెప్పగలిగారు.

ట్రైసెరాటాప్స్, ఆంకైలోసారస్ బొమ్మలు బాగున్నాయి, మోచేతులు కాస్త లోపలికి వంచితే చాలు. పారాసారోలోఫస్‌ని ఇగ్వానోడాన్ లాగే వంచండి. దాని తల మీది గొట్టం నీళ్లలో ఊపిరికి అని పుస్తకంలో ఉంది, కానీ గొట్టం కొసన బెజ్జమే లేదు. సన్నాయిలా శబ్దం పలికించడానికి పనికొచ్చి ఉండాలి. డైలోఫోసారస్ మెడకి విప్పిన గొడుగులాంటి చర్మం ఒక సినిమా ఊహ, ఎముకల్లో ఆధారం లేదు. కత్తెరతో కత్తిరించేయొచ్చు. స్పైనోసారస్‌ది 2014కి ముందు ఊహించుకున్న ఆకారం, కాళ్లు మరీ పొడవు, తోక సన్నం. 2020లో బయటపడ్డ తోక ఎముకలు తెడ్డులా వెడల్పుగా ఉన్నాయి, బొమ్మలో దాన్ని తేవడం ఇంట్లో అయ్యే పని కాదు.

టెరనోడాన్, డైమెట్రోడాన్ అసలు డైనోసార్లే కావు. టెరనోడాన్ ఎగిరే సరీసృపాల గుంపుది, పేరుకి అర్థం పళ్లు లేని రెక్క. బొమ్మకి నోటి నిండా పళ్లున్నాయి! డైమెట్రోడాన్ అయితే డైనోసార్లు పుట్టకముందే, దాదాపు నాలుగు కోట్ల ఏళ్ల ముందే అంతరించింది. చుట్టరికంలో బల్లి కంటే, డైనోసార్ కంటే మనకే దగ్గర. పారేయొద్దు, వేరే అరలో పెట్టి ఎందుకు వేరో చెప్పండి.

మ్యాటు మీద టైరనోసారస్, స్టెగోసారస్ తలపడుతున్నాయి. స్టెగోసారస్ 15 కోట్ల ఏళ్ల నాటిది, టైరనోసారస్ ఆరు కోట్ల అరవై నుంచి ఎనభై లక్షల ఏళ్ల నాటిది. వాటి మధ్య ఎడం, టైరనోసారస్‌కీ మనకీ మధ్య ఎడం కంటే ఎక్కువ. గడ్డి బొమ్మలు కూడా ఉన్నాయి. దాన్ని తప్పనకండి. మహారాష్ట్రలోని పిస్దురాలో దొరికిన డైనోసార్ పేడ శిలల్లో గడ్డి ఆనవాళ్లున్నాయని 2005లో తేలింది, ఆ యుగం చివర మన నేల మీద గడ్డి ఉండేది. వెనకాల శంకువులా నిప్పులు కక్కే కొండ గీశారు. మన దక్కను లావా అలా రాలేదు, నేల పగుళ్లలోంచి పొంగి పరుచుకుంది. రాజమండ్రి పక్కన పంగిడి క్వారీల నల్లరాయి ఆ లావాదే, డైనోసార్లు అంతరించిన కాలానిదే. ఇంటి పునాదిలోనో రోడ్డు మీదో ఆ కంకర దొరికితే ఒక ముక్క తెచ్చి మ్యాటు మీద పెట్టండి, గీసిన కొండ కంటే నమ్మదగ్గది.

డబ్బాలో మన జంతువు ఒక్కటీ లేకపోవడమే పెద్ద వెలితి. గోదావరి లోయలో పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో దొరికిన ఎముకలతో నిలబెట్టిన బరపాసారస్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఠాగూర్ శతజయంతికి గుర్తుగా దాని రెండో పేరు టాగోరై. యామనపల్లి పేరు మోసే కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, బెజవాడ నుంచి పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి చూడొచ్చు. డబ్బాలోని బ్రాంటోసారస్‌ని వెంట తీసుకెళ్లండి. ముందు నుంచి కాళ్లు ఒంటి కింద ఎలా దిగాయో, ఛాతీ ఎంత లోతో రెండిటినీ పోల్చి చూడండి. బరపాసారస్‌లాగే కోటసారస్ పుర్రె కూడా దొరకలేదు, పళ్లు మాత్రం దొరికాయి. కాబట్టి మెడ చివర కనిపించే తల ఎముక కాదు, తెలిసిన చుట్టాలను చూసి చేసిన అంచనా. బ్రాంటోసారస్ తల దిద్దిన చేత్తో పిల్లలకి అది కూడా చూపించండి.